బ్రిటిష్ కమెడియన్లు జోకు చెప్పకుండా ఇంటి సంగతులు చెప్తారెందుకు?

మీరడిగింది ఇదీ: బ్రిటిష్ స్టాండప్ వీడియోల్లో ఒక్కొక్కరు వచ్చి బావమరిది పెళ్లి, పోయిన పెట్టె, నాన్న కారు అంటూ పది నిమిషాలు సోది చెప్తారు, జోకు ఎక్కడుందో కనపడదు, హాలు మాత్రం పడి పడి నవ్వుతుంది. అవన్నీ నిజంగా జరిగినవేనా? మనం ఓపెన్ మైక్‌లో (ఎవరైనా పేరిచ్చి ఎక్కే స్టేజీ) అలా చెప్పాలంటే ఎలా?

నేనూ మొదట్లో మీలాగే తిట్టుకున్నవాణ్ణి. 2006లో బర్మింగ్‌హామ్ వచ్చిన కొత్తలో ఆఫీసువాళ్లు ఒక కామెడీ క్లబ్బుకి తీసుకెళ్లారు. స్టేజీ మీద ఒకాయన, వాళ్ల మామగారు పెరట్లో షెడ్డు కడుతుంటే తను సాయం చేయబోయిన సంగతి పన్నెండు నిమిషాలు చెప్పాడు. జోకు ఎప్పుడొస్తుందా అని కూర్చున్నా. షో అయిపోయింది, జోకు రాలేదు. పక్కన మా టీం అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. ఆ షెడ్డు సంగతి అర్థం చేసుకోవడానికి నాకు రెండు మూడేళ్లు పట్టింది. తర్వాత నేనే నాలుగేళ్లపాటు వారానికో రాత్రి ఐదు నిమిషాల ఓపెన్ స్పాట్లు చేశాను. అందులో నేర్చుకున్నదీ, చూసిందీ కలిపి చెప్తున్నా.

ముందు ఒక మాట. కథలు చెప్పి నవ్వించడం బ్రిటిష్ వాళ్ల సొత్తేమీ కాదు. అమెరికాలో రిచర్డ్ ప్రయర్ తన ఒంటికి నిప్పంటుకున్న సంగతిని కూడా స్టేజీ మీద కథగా చెప్పాడు. కాకపోతే బ్రిటన్‌లో అది అలవాటుగా మారడానికి కారణాలు వేరు, అవి తెలిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

ఒకప్పుడు అక్కడా జోకు అంటే సరుకే. ఫ్యాక్టరీ కార్మికుల క్లబ్బులుండేవి. బీరు, బింగో ఆట, మధ్యలో సూటు వేసుకున్నాయన వచ్చి అత్తగారి మీద రెండు, ఐరిష్‌వాళ్ల మీద రెండు పేల్చి వెళ్లిపోయేవాడు. 1971లో గ్రనాడా టీవీ వీళ్లనే తెచ్చి 'ది కమెడియన్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్లు చెప్పే జోకులకి సొంతదారు లేడు. లీడ్స్‌లో ఒకడు చెప్పిందే అదే రాత్రి బ్లాక్‌పూల్‌లో ఇంకొకడు చెప్తాడు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ లోకంలో జోకు ఎంత ఆస్తో చెప్పడానికి కమెడియన్ బాబ్ మాంక్‌హౌస్ సంగతి చాలు. ఆయన ఏళ్ల తరబడి జోకులన్నీ లావుపాటి ఫైళ్లలో చేత్తో రాసి దాచుకున్నాడు. 1995లో రెండు ఫైళ్లు పోయాయి. తెచ్చిచ్చినవాళ్లకి పెద్ద మొత్తం ఇస్తానని ప్రకటించాడు. ఏడాదిన్నర తర్వాత దొరికాయనుకోండి. మన ఇంట్లో నగలు పోతే ఎంత గోల చేస్తామో అంత గోల.

ఇప్పుడు ఆలోచించండి, కథలు చెప్పే బిల్లీ కానలీ లాంటి కమెడియన్ ఫైలు ఎవరైనా కొట్టేస్తే ఏం చేసుకుంటారు? అందులో మాటలుంటాయి, మనిషి ఉండడు.

కానలీ గ్లాస్గోవాడు, 1942లో పుట్టాడు. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా చేసి, తర్వాత గిటార్, బాంజో పట్టుకుని జానపద పాటల క్లబ్బులకి వెళ్లాడు. జెర్రీ రాఫర్టీతో కలిసి 'హంబుల్‌బమ్స్' అని ఒక బృందం. పాటకీ పాటకీ మధ్య తీగలు సరిచేసుకోవాలి కదా, ఆ ఖాళీలో నాలుగు మాటలు చెప్పేవాడు. చూస్తుండగానే ఆ నాలుగు మాటలు పాటని మింగేశాయి. మన హరికథలో దాసుగారు రుక్మిణీ కల్యాణం మధ్యలో ఆపి పిట్టకథ ఎత్తుకుంటే పిల్లలు ముందుకి జరిగి కూర్చునేవారు చూడండి, అలాగే. అక్కడ మాత్రం పిట్టకథే మిగిలి అసలు కథ ఎగిరిపోయింది.

ఇది కానలీ ఒక్కడి సంగతి కాదు. బర్మింగ్‌హామ్ దగ్గర సోలిహల్‌లో 'బాగరీ' అనే జానపద క్లబ్బు నడిపిన జాస్పర్ కారట్, రోచ్‌డేల్ వైపు నుంచి మైక్ హార్డింగ్, వేల్స్ నుంచి మాక్స్ బాయ్స్, అందరూ గిటార్ తగిలించుకుని వచ్చినవాళ్లే. 1975లో కారట్ 'ఫంకీ మోపెడ్' అని ఒక రికార్డు వేశాడు. జనం ఎగబడి కొన్నారు. అయితే పాట కోసం కాదు, రికార్డు వెనకవైపు ఆయన పిల్లల టీవీ కార్యక్రమం ఒకదాన్ని వెక్కిరిస్తూ చెప్పిన కాస్త బూతు కథ కోసం. బీబీసీ దాన్ని వినిపించనంది, దాంతో ఇంకా అమ్ముడుపోయింది. ఆ వెనకవైపే తర్వాతి యాభయ్యేళ్ల బ్రిటిష్ స్టాండప్ అని నాకనిపిస్తుంది.

జానపద క్లబ్బే ఎందుకంటే, అక్కడ జనం కూర్చుని వింటారు. కార్మికుల క్లబ్బులో ఇరవై సెకన్లకో నవ్వు రాకపోతే మనిషి బీరు కోసం లేచిపోతాడు. పాట వినడానికి వచ్చినవాడికి ఓపిక ఉంటుంది, నాలుగు నిమిషాలు తీసుకున్నా ఊరుకుంటాడు. కథకి ఆ ఓపికే కావాలి.

తమాషా ఏంటంటే, కానలీని బ్రిటన్ మొత్తానికి పరిచయం చేసింది మాత్రం ఒక పచ్చి బార్ జోకు. 1975లో మైకేల్ పార్కిన్సన్ టీవీ షోలో చెప్పాడు. పెళ్లాన్ని చంపి పూడ్చినవాడు పిరుదులు బయటికి వదిలేస్తాడు, ఎందుకయ్యా అంటే సైకిల్ నిలబెట్టుకోవడానికంటాడు. ఆ జోకు కానలీ సృష్టి కాదు. కానీ ఆయన చెప్తూ చెప్తూ తనే నవ్వాపుకోలేక వంగిపోయే తీరు మాత్రం ఇంకెవరికీ రాదు. ఆయన కథలన్నీ అంతే: ఒకటి మొదలుపెడతాడు, దారిలో ఇంకొకటి గుర్తొస్తుంది, అందులోంచి మూడోదానిలోకి దూరతాడు, ఎక్కడున్నాం అని జనాన్నే అడుగుతాడు, ఇరవై నిమిషాల తర్వాత మొదటిదాన్ని తెచ్చి ముడి వేస్తాడు. ఆ ముడి పడ్డప్పుడు వచ్చే నవ్వు జోకుకి వచ్చే నవ్వు కాదు. ఇంటికి తిరిగొచ్చిన వాడి ఊపిరి అది.

బీబీసీలో ఇంకో ఇద్దరు ఈ దారిని కూర్చునే వేశారు. డేవ్ అలెన్ డబ్లిన్‌వాడు, పేరు తెచ్చుకుంది బ్రిటిష్ టీవీలో. ఎత్తు స్టూలు, చేతిలో గ్లాసు, సిగరెట్. ఆయన గడియారం చూడటం పిల్లాడికి నేర్పించే భాగం వెతికి చూడండి. గడియారంలో మొదటి ముల్లు గంటలది, రెండోది నిమిషాలది, మూడోదాన్ని ఇంగ్లీషులో 'సెకండ్' ముల్లంటారు. ఇక పిల్లాడికి ఎలా చెప్పి చస్తాం? జరిగింది అంతే. మనిషి సహనం నశించడమే మొత్తం సరుకు. రెండోవాడు రానీ కార్బెట్. పొట్టి మనిషి, పెద్ద కుర్చీ. 'ది టూ రానీస్' కార్యక్రమంలో ఒక ముసలి జోకు మొదలుపెట్టి, నిర్మాత అన్న మాట దగ్గర, భార్య అన్న మాట దగ్గర పక్కకి జారిపోయి ఐదు నిమిషాల తర్వాత ముగించేవాడు. చివర్లో వచ్చే జోకు పేలవంగా ఉంటుంది. అది అందరికీ ముందే తెలుసు, ఆ పక్కదార్ల కోసమే కూర్చుంటారు. ఆ ముచ్చట్లు ఆయనకి స్పైక్ మలిన్స్ రాసిపెట్టేవాడు, అంటే నోట్లోంచి అప్పటికప్పుడు దొర్లినట్టున్నది కూడా కాగితం మీద పుట్టిందే.

ఇక రెండో కారణం. 1979 మే నెలలో లండన్ సోహోలో, స్ట్రిప్ క్లబ్బు పైన 'కామెడీ స్టోర్' తెరిచారు. ఒక్కొక్కరినీ స్టేజీ మీదికి పిలిచే పని అలెక్సీ సేల్‌ది. నచ్చకపోతే గంట కొట్టి దింపేసేవాళ్లు. అక్కడి కుర్రకారు అత్తగారి జోకులూ, నల్లవాళ్ల మీద జోకులూ వద్దన్నారు. దాంతోపాటు ఇంకో కట్టుబాటు నిలబడిపోయింది: ఎవడి మాట వాడిదే అయ్యుండాలి. అంగట్లో సరుకు మూసేస్తే మనిషి ఇంట్లో వెతుక్కుంటాడు. ఇంట్లో ఏముంటాయి? నాన్న, పెళ్లాం, ఉద్యోగం, పాడైన వాషింగ్ మెషీను.

మూడో కారణం ఎడిన్‌బరో ఫ్రింజ్. 1947లో పిలవని పేరంటంగా ఎనిమిది నాటక బృందాలు వచ్చి ఆడటంతో మొదలైన ఉత్సవం, ఇప్పుడు ప్రతి ఆగస్టులో కమెడియన్లందరికీ పరీక్ష లాంటిది. అక్కడ షో అంటే దాదాపు ఒక గంట. క్లబ్బులో ఇరవై నిమిషాలు ముక్కలు ముక్కలుగా లాగేయొచ్చు, గంటసేపు విడి జోకులు వింటే తల వాచిపోతుంది. దానికి దారం కావాలి. విడాకులో, ఓడిపోయిన ఏడాదో, నాన్న చావో ఆ దారమవుతుంది. డేనియల్ కిట్సన్ లాంటివాళ్లు (2002లో అక్కడ ఉత్తమ కామెడీ షోకిచ్చే పెరియర్ అవార్డు ఆయనదే) టీవీని పట్టించుకోకుండా ఆ గంటనే ఇల్లు చేసుకుని కూర్చున్నారు.

ఇప్పుడు అసలు పనితనం. మీకు గందరగోళం అనిపించేది ఇక్కడే, ఎందుకంటే వాళ్లు రెండు రకాల సరుకు కలిపి వడ్డిస్తారు. ఒకటి "మీకూ ఇంతే కదా" రకం. మైకేల్ మెకింటైర్ ఇంట్లో సొరుగు గురించి చెప్తాడు: పాత ఫోన్ చార్జర్లు, చచ్చిపోయాయో లేదో తెలియని బ్యాటరీలు, ఏ తాళానివో తెలియని చెవులు. అందరి ఇళ్లలోనూ ఉన్న సొరుగు కాబట్టి నవ్వు. పీటర్ కే టీలో ముంచిన రిచ్ టీ బిస్కెట్ విరిగి గ్లాసు అడుగుకి పోవడం గురించి చెప్తాడు. పార్లే-జి ముంచినవాడికెవడికైనా ఆ దుఃఖం తెలుసు, అనువాదం అక్కర్లేదు.

రెండోది "నాకొక్కడికే ఇలా అయింది" రకం. వేల్స్‌వాడు రాడ్ గిల్బర్ట్ విమానం దిగి లగేజీ బెల్టు దగ్గర నిలబడితే పెట్టె రాదు, దాని పిడి మాత్రం వస్తుంది. పిడి పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్తాడు. అక్కడివాళ్లు చాలా మర్యాదగా, చాలా తెలివితక్కువగా ప్రశ్నలు అడుగుతుంటే ఈయన నరాలు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. పిడి మాత్రమే రావడం ఎవరికీ జరగదు. కానీ కౌంటర్ దగ్గర అరవలేక అరవడం అందరికీ జరిగింది. లోపలి బాధ అందరిదీ, బయటి సంఘటన ఒక్కడిదే. ఆ రెండూ అతుక్కున్న చోటే ఈ కళ ఉంది.

నా అనుభవం చెప్తే ఇంకా సులువుగా తెలుస్తుంది. నా దగ్గరా పెట్టె కథ ఉంది. పెట్టె కథ లేని ప్రవాసాంధ్రుడు ఎవడు? అమ్మ హార్లిక్స్ సీసాలో ఆవకాయ పెట్టి, మూతకి గుడ్డ కట్టి, పేపరు చుట్టి, రెండు కవర్లు తొడిగి బట్టల మధ్యలో పెట్టింది. దారిలో కారింది. మొదటిసారి స్టేజీ మీద ఇలా ఎత్తుకున్నా: "ఇండియాలో ఆవకాయ అని ఒక పచ్చడి ఉంటుంది. మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం..." ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు వంట క్లాసు. మిగతా రెండు నిమిషాలు, పచ్చడంటే ఏంటో తెలియని కస్టమ్స్ ఆఫీసరు మీద వెటకారం. హాల్లో ఎవరో దగ్గారు. అదొక్కటే స్పందన.

దిగాక ఒక పాతకాపు బార్ దగ్గర అడిగాడు. "నీ కథలో వెర్రివాడు ఎవరు?"

"ఆ ఆఫీసరు."

"పాపం అతను ఉద్యోగం చేసుకుంటున్నాడు. వెర్రివాడివి నువ్వు కావాలి. ఇంకోటి, పచ్చడి ఎలా పెడతారో ఎవడడిగాడు? పెట్టె వచ్చిన దగ్గర మొదలుపెట్టు."

గిల్బర్ట్ పెట్టె కథ చెప్పేశాడు కదా అన్నాను. "అతనిది కోపం. నీది సిగ్గు. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి బీరు కొనిపెట్టాను.

రెండు నెలలు కోసి కోసి ఇలా తేలింది: "బెల్టు దగ్గర నిలబడున్నా. నా పెట్టె వస్తోంది. మూలనుంచి ఎర్రగా కారుతోంది. పక్కనున్న ముసలావిడ మొగుడి చెయ్యి పట్టుకుంది. నేను కూడా 'ఎవరిదో పాపం' అన్నట్టు తల ఊపాను. పెట్టె వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి జనం రెండడుగులు వెనక్కి జరిగారు, నేను మూడు జరిగాను. మూడోసారి వచ్చింది. పెట్టె మీద మా నాన్న తెల్ల పెయింటుతో జానెడేసి అక్షరాల్లో నా పేరు రాశాడు. ముసలావిడ ఆ పేరు కూడబలుక్కుని చదివింది. హాలంతా కలయజూసింది. ఆ పేరుకి తగ్గ మొహం అక్కడ నాదొక్కటే." తర్వాత ఆఫీసరు వచ్చి, లోపల ఏముందని అడుగుతాడు. కంగారులో నోటికి అందిన మొదటి మాట అంటాను: "మా అమ్మ."

అదే సంఘటన. ఆవకాయ అన్న పదం ఎక్కడా లేదు. ఆఫీసరు మీద వెటకారం లేదు. మొదట్లో క్రియలన్నీ కళ్లముందు జరుగుతున్నట్టు ఉంటాయి, బ్రిటిష్ వాళ్లు కూడా జరిగిపోయినదాన్ని "నిలబడున్నా, చూస్తున్నా" అనే చెప్తారు, గమనించండి. ఇక పెయింటుతో రాసిన పేరు లాంటి చిన్న వివరం ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలు, పది వర్ణనల పని చేస్తుంది. విక్టోరియా వుడ్ ఇందులో అందెవేసిన చెయ్యి. ఆవిడ ఎప్పుడూ ఉత్త "బిస్కెట్" అనదు, పేరు పెట్టి ఏ బిస్కెటో చెప్తుంది. ఆ పేరుతో ఆ ఇంటి ఆదాయం, పరువు, సోఫా రంగు అన్నీ కనపడిపోతాయి. యాస కూడా అంతే. పీటర్ కే బోల్టన్ యాస, సారా మిలికన్ సౌత్ షీల్డ్స్ యాస, కెవిన్ బ్రిడ్జెస్ గ్లాస్గో యాస నోరు తెరవగానే సగం జీవిత చరిత్ర చెప్పేస్తాయి. గోదావరి జిల్లావాడు "ఆయ్" అనగానే మనం సర్దుకుని కూర్చోమా!

మరి నిజమేనా అంటే: మా పెట్టె నిజానికి ఒక్క చుట్టే తిరిగింది. ముసలావిడ లేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లున్నారు, వాళ్లసలు చూడనే లేదు. "మా అమ్మ" అన్నమాట నేను ఆఫీసరుతో అనలేదు, మూడు వారాల తర్వాత బస్సులో తట్టింది. నాన్న పెయింటు మాత్రం నిజం. స్టేజీ మీద "నిన్న రాత్రి ఏమైందంటే" అన్నది మన "అనగనగా" లాంటిదే, తారీఖు అడగకూడదు. డేవ్ అలెన్‌కి ఎడమ చూపుడువేలు కొస లేదు. అది ఎలా పోయిందో జీవితమంతా రకరకాల కథలు చెప్పాడు, జనానికి అన్నీ అబద్ధాలని తెలిసీ ప్రతిదీ విన్నారు.

అలాగని అన్నీ కల్పితాలే అనుకోకండి. జాన్ బిషప్ తన మొదలు గురించి తనే చెప్పే సంగతి వినండి. భార్యతో విడిపోయి, 2000లో ఒక రాత్రి మాంచెస్టర్‌లోని 'ఫ్రాగ్ అండ్ బకెట్' క్లబ్బుకి వెళ్లాడు. చెప్పేవాళ్లకి టికెట్ లేదంటే, డబ్బు మిగులుతుందని పేరు రాయించుకున్నాడు. ఎక్కాక చెప్పుకోవడానికి చెడిపోయిన కాపురం తప్ప ఇంకేమీ లేదు, అదే చెప్పాడు. కొన్నాళ్లకి ఆవిడ స్నేహితులతో కామెడీ చూద్దామని వచ్చి, స్టేజీ మీద ఈయన్ని చూసింది. తర్వాత మళ్లీ కలిసిపోయారు. సినిమాలో పెడితే నమ్మం.

ఈ పద్ధతి నచ్చనివాళ్లూ అక్కడే ఉన్నారు. స్టూవర్ట్ లీ కథ చెప్తున్నట్టే చెప్పి మధ్యలో ఆపి, "ఇక్కడ మీరు నవ్వాలి, ఎందుకు నవ్వలేదో చూద్దాం" అన్న ధోరణిలో యంత్రం మూత తీసి చూపిస్తాడు. మొదటే ఆయన్ని చూడకండి, పంచభక్ష్య పరమాన్నాల రుచి తెలియకుండా వంటింటి మరమ్మతు చూసినట్టుంటుంది.

ఇంకో గట్టి అభ్యంతరం 2017లో వచ్చింది. ఆ ఏడు ఎడిన్‌బరో అవార్డు ఇద్దరికి కలిపి ఇచ్చారు. జాన్ రాబిన్స్ తన ప్రేమ చెడిపోయిన ఏడాదిని గంటసేపు నవ్వుల్లో ముంచి చెప్పాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన హన్నా గ్యాడ్స్‌బీ దానికి ఎదురుగా నిలబడింది. బస్టాపులో ఒకడు తన మీదికొచ్చిన సంగతి మొదట నవ్వొచ్చేలా చెప్పి, చివర్లో అసలు ఏం జరిగిందో చెప్పింది: వాడు తిరిగొచ్చి కొట్టాడు. నవ్వు రావాలంటే కథని అక్కడే ఆపాలి కాబట్టి ఇన్నాళ్లూ ఆపాను అంది. నవ్వు కోసం కోసేసిన ముక్కలో ఏముందో అని ఆ తర్వాత నేను ఏ కథ విన్నా ఆలోచిస్తాను. సారా మిలికన్ విడాకుల షో (2008లో కొత్తవాళ్ల అవార్డు తెచ్చిన షో) మళ్లీ చూసినప్పుడు కూడా అదే అనుకున్నా.

మీరు మొదలుపెట్టాలంటే కానలీ 1985 'యాన్ ఆడియన్స్ విత్', పీటర్ కే 2000లో బ్లాక్‌పూల్ టవర్‌లో చేసిన షో, గిల్బర్ట్ పెట్టె, ఈ వరసలో చూడండి. యాస అందకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, కానీ రెండోసారి తీసేయండి, ఎందుకంటే సబ్‌టైటిల్ నవ్వు కంటే అర సెకను ముందే వచ్చేస్తుంది. మీ సొంత కథ రాసుకునేటప్పుడు మొదటి రెండు వాక్యాలు కొట్టేసి చూడండి, చాలాసార్లు కథకి ఏమీ కాదు.

మా అమ్మకి నేను ఇలా స్టేజీ ఎక్కానని తెలుసు. ఒకసారి ఫోన్లో, "నా గురించేమైనా చెప్తావుట్రా?" అని అడిగింది. వంట బాగా చేస్తావని చెప్తానన్నాను. ఆవిడ లెక్కలో ఆ సీసా మూత ఇప్పటికీ ఊడలేదు.